క్షిపణి కంటే ముందు కబురు చేరాలి

గల్ఫ్ యుద్ధం సాగుతున్న 1991 ఫిబ్రవరి 25 రాత్రి సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో అమెరికా సైనికులు బస చేసిన గోదాము మీద ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణి పడింది. 28 మంది చనిపోయారు. ఆ ప్రాంతానికి కాపలాగా, వచ్చే క్షిపణులను గాల్లోనే కూల్చే పేట్రియాట్ క్షిపణుల దళం ఉంది. రాడార్ పనిచేస్తూనే ఉంది, సిబ్బంది మెలకువగానే ఉన్నారు. అయినా ఆ స్కడ్ మీదికి ఒక్క పేట్రియాట్ కూడా లేవలేదు. తప్పు గడియారంలో జరిగింది.

పేట్రియాట్ కంప్యూటర్ కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టేది. మూడింట ఒక వంతును దశాంశాల్లో రాయబోతే 0.333 అంటూ ఎక్కడా తెగకుండా సాగుతుంది కదా, కంప్యూటర్ వాడే ద్విసంఖ్యా పద్ధతిలో పదో వంతు కూడా అలాగే తెగదు. 24 బిట్లలో పట్టినంత ఉంచుకుని మిగతాది కత్తిరించాలి. ప్రతిసారీ కత్తిరించేది లెక్కలోకి రానంత చిన్నది. కానీ ధహ్రాన్‌లోని ఆ యంత్రాన్ని 100 గంటలుగా ఆపలేదు. ఆ చిల్లరంతా పోగుపడి 0.34 సెకను అయింది. సెకనుకు ఒకటిన్నర కిలోమీటర్లకు పైగా దూసుకొచ్చే స్కడ్ విషయంలో అదంతా కలిపితే అర కిలోమీటరు పైమాటే. క్షిపణి ఇప్పుడు ఫలానా చోట ఉండాలని కంప్యూటర్ చెప్పింది, రాడార్ అక్కడ వెతికింది, ఖాళీ ఆకాశం కనిపించింది. ఇదేదో ఉత్తుత్తి సంకేతమని యంత్రం దాన్ని కొట్టేసింది.

కంప్యూటర్ పాఠాల్లో ఈ ఉదంతం తరచు వినిపిస్తుంది. అక్కడ అంతగా వినిపించని భాగం ఒకటుంది. ఈ లోపాన్ని రెండు వారాల ముందే ఇజ్రాయెల్ సైన్యం కనిపెట్టింది. తమ దగ్గరున్న పేట్రియాట్లను ఎనిమిది గంటలు వరసగా నడిపితే గురి పక్కకు జరుగుతోందని ఫిబ్రవరి 11న అమెరికాకు వివరాలు పంపింది. అమెరికన్లు ప్రోగ్రామును సరిదిద్దారు. ఫిబ్రవరి 21న దళాలకు ఒక సందేశం వెళ్లింది. యంత్రాన్ని మరీ ఎక్కువసేపు నడిపితే గురి తప్పవచ్చని అందులో రాశారు గానీ, మరీ ఎక్కువసేపు అంటే ఎన్ని గంటలో రాయలేదు. సరిదిద్దిన ప్రోగ్రాము ధహ్రాన్ చేరేసరికి ఫిబ్రవరి 26 అయింది. అంటే క్షిపణి పడిన మర్నాడు. అప్పటిదాకా కావలసింది రోజుకు కొన్నిసార్లు యంత్రాన్ని ఆపి మళ్లీ వేయడం. అది ఒకటి రెండు నిమిషాల పని.

బాలిస్టిక్ క్షిపణుల దాడిని పలు దేశాలు కలిసి ఎదుర్కోవడం గురించి మాట్లాడేటప్పుడు అందరి చూపూ ఆకాశంలో పేలే మెరుపుల మీదికి పోతుంది. ఎన్ని వచ్చాయి, ఎన్ని కూల్చారు అన్న లెక్కలతో వార్తలు నిండిపోతాయి. కానీ ఉమ్మడి రక్షణలో అసలు సరుకు క్షిపణి కాదు, కబురు. అది ఎంత ముందు పుట్టింది, ఎన్ని చేతులు మారింది, చివరి చేతికి అర్థమయ్యేలా చేరిందా లేదా అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడుతుంది. ధహ్రాన్‌లో లోపం ఒక దేశానికి తెలిసింది, మందు రెండో దేశం దగ్గర తయారైంది. రెండూ ఉండి కూడా అవసరమైన చోటికి ఒక రోజు ఆలస్యమైంది.

అదే యుద్ధంలో కబురు సవ్యంగా నడిచిన సందర్భాలూ ఉన్నాయి. ఇరాక్ ఎడారిలో స్కడ్ లేవగానే దాని మంట వేడిని అమెరికా ఉపగ్రహం పసిగట్టేది. ఆ సంకేతం దక్షిణ ఆస్ట్రేలియాలోని నరంగార్ భూకేంద్రంలో దిగి, అక్కడి నుంచి అమెరికాలోని కొలరాడోకు వెళ్లి, తిరిగి పశ్చిమాసియాకు వచ్చేది. స్కడ్ మొత్తం ప్రయాణమే ఏడు నిమిషాలు. కబురు భూగోళాన్ని అంత చుట్టి వచ్చాక కూడా ఇజ్రాయెల్ నగరం టెల్ అవీవ్ జనానికి కొద్ది నిమిషాల వ్యవధి మిగిలేది. మాస్కు తగిలించుకుని, ముందే మూసి సిద్ధంచేసుకున్న గదిలోకి వెళ్లడానికి అది చాలేది. అప్పటి పేట్రియాట్లు ఎన్ని స్కడ్లను నిజంగా ధ్వంసం చేశాయన్నది ఆ తర్వాత పెద్ద వివాదమైంది. మొదట్లో సైన్యం చెప్పిన ఘనమైన శాతాలకు గట్టి ఆధారాలున్నవి కొద్ది సందర్భాల్లోనేనని అమెరికా ప్రభుత్వ ఆడిట్ కార్యాలయమే తేల్చింది. హెచ్చరిక చేసిన మేలు మీద మాత్రం ఎవరికీ వివాదం లేదు.

ఇంత తొందర ఎందుకో తెలియాలంటే బాలిస్టిక్ క్షిపణి ఎలా ఎగురుతుందో చూడాలి. దాని ఇంజిను మండేది మొదటి ఒకటి రెండు నిమిషాలే. మిగతా దారంతా విసిరిన రాయిలాగే పోతుంది. వాతావరణం దాటి పైకి లేచి, అంతరిక్షంలో వంపు తిరిగి, చివర్లో శబ్దం కంటే ఎన్నో రెట్ల వేగంతో కిందికి దిగుతుంది. ఇరాన్ నుంచి ఇజ్రాయెల్‌కు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం, ప్రయాణం పన్నెండు నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది. మంట కనిపించే మొదటి దశను పట్టుకునేది అమెరికా ఉపగ్రహాల పరారుణ కళ్లు. ఆ తర్వాత రాడార్లు అందుకోవాలి. వేడి సంకేతం చూసి క్షిపణి లేచిందని చెప్పవచ్చు, కానీ ఎక్కడ పడుతుందో కచ్చితంగా చెప్పాలంటే రాడార్ దాని దారిని కొంతసేపు కొలవాలి. రాడార్ ఎంత ముందుకు జరిగి ఉంటే అంత ముందుగా కొలత మొదలవుతుంది. ఉమ్మడి రక్షణకు పునాది ఇదే. శత్రువుకు దగ్గరగా ఉన్న నేల సాధారణంగా మరో దేశానిది.

నెగెవ్ ఎడారిలో 2008 నుంచి బాలిస్టిక్ క్షిపణులను దూరం నుంచే పసిగట్టే అమెరికా టీపీవై-2 రాడార్ ఒకటి ఉంది. నడిపేది అమెరికా సైనికులే. నేల ఇజ్రాయెల్‌ది, యంత్రమూ మనుషులూ అమెరికాకు చెందినవారు, సమాచారం ఇద్దరిదీ. అదే రకం రాడార్ తూర్పు టర్కీలోని కురెజిక్‌లో నాటో కోసం పనిచేస్తోంది. జపాన్‌లోని షరికి, క్యోగామిసాకిలలో ఉత్తర కొరియా వైపు తిరిగి ఉంది. దక్షిణ కొరియాలోని సొంగ్జులో చాలా ఎత్తులోనే క్షిపణులను కూల్చే అమెరికా థాడ్ దళంతో పాటు దిగింది. ఒకే యంత్రం ఇన్ని దేశాల్లో ఉన్నా ప్రతిచోటా దాని చుట్టూ షరతులు వేరు. కురెజిక్ రాడార్ చూసినది ఇజ్రాయెల్‌కు అందకూడదని టర్కీ నాయకులు పదే పదే ప్రకటించారు. సొంగ్జులో గోల్ఫ్ మైదానాన్ని థాడ్ కోసం ఇచ్చిన పాపానికి దక్షిణ కొరియా వ్యాపార సంస్థ లాటె చైనాలోని తన దుకాణాలను చాలావరకు మూసుకోవలసి వచ్చింది. రాడార్ బీజింగ్ వైపు కూడా చూడగలదన్నది చైనా అభ్యంతరం. చూసే కన్నును ఇంట్లో పెట్టుకోవడమే పొరుగువారికి ఒక ప్రకటన అవుతుంది.

ఇప్పుడు 2024 ఏప్రిల్ 13 రాత్రికి రావచ్చు. డమాస్కస్‌లోని తమ దౌత్య భవనం మీద ఏప్రిల్ 1న జరిగిన దాడికి బదులుగా ఇరాన్ నేరుగా ఇజ్రాయెల్ మీదికి దాడికి దిగింది. ఇజ్రాయెల్ సైన్యం చెప్పిన లెక్క ప్రకారం సుమారు 170 డ్రోన్లు, విమానంలా తక్కువ ఎత్తులో ఎగిరే క్రూయిజ్ క్షిపణులు 30కి పైగా, 120 దాకా బాలిస్టిక్ క్షిపణులు వచ్చాయి. 99 శాతం కూల్చామని అదే సైన్యం ప్రకటించింది. కొన్ని బాలిస్టిక్ క్షిపణులు నెవాతిమ్ వైమానిక స్థావరం దాకా వచ్చి పడ్డాయి. నెగెవ్‌లో ఏడేళ్ల బెదూయిన్ బాలిక శకలాలు తగిలి తీవ్రంగా గాయపడింది.

ఆ రాత్రి పని పంచుకున్నవారి జాబితా పెద్దది. తూర్పు మధ్యధరా సముద్రంలో ఉన్న ఆర్లీ బర్క్, కార్నీ అనే అమెరికా యుద్ధనౌకలు, వచ్చే క్షిపణిని అంతరిక్షంలోనే కొట్టే ఎస్‌ఎం-3 క్షిపణులను మొదటిసారి నిజమైన యుద్ధంలో వాడాయి. ఇరాక్‌లోని ఎర్బిల్ దగ్గర అమెరికా పేట్రియాట్ దళం ఒక బాలిస్టిక్ క్షిపణిని కూల్చింది. అమెరికా ఎఫ్-15లు, సైప్రస్ నుంచి లేచిన బ్రిటన్ టైఫూన్ యుద్ధవిమానాలు డ్రోన్లను వేటాడాయి. ఫ్రాన్స్ జోర్డాన్ గగనతలంలో పనిచేసింది. జోర్డాన్ తన ఆకాశంలోకి చొరబడిన వాటిని కూల్చి, ఇది తమ ప్రజల రక్షణ కోసం చేసిన పనే తప్ప మరెవరి కోసమూ కాదని చెప్పుకుంది. ఆ వివరణలోని జాగ్రత్తను గమనించాలి. ఆ దేశ జనాభాలో పాలస్తీనా మూలాలున్నవారు లక్షల్లో ఉన్నారు, గాజాలో యుద్ధం నడుస్తోంది. సాయం చేయడం ఒక ఎత్తు, సాయం చేశామని ఒప్పుకోవడం మరో ఎత్తు. గల్ఫ్ దేశాలు కొన్ని ముందస్తు సమాచారం అందించాయని వార్తలు వచ్చాయి గానీ ఎవరూ దాన్ని బహిరంగంగా నెత్తికెత్తుకోలేదు. ఎడమ చేత్తో ఇచ్చి కుడి చేత్తో కాదనడం ఆ ప్రాంతపు ఉమ్మడి రక్షణలో ఒక భాగమే.

ఇన్ని దేశాల విమానాలు, నౌకలు, భూదళాలు ఒకే చీకట్లో కాల్పులు జరుపుతూ ఒకరినొకరు కొట్టుకోకపోవడం తేలిక విషయం కాదు. 2003 మార్చి 23న కువైట్ సరిహద్దులో అమెరికా పేట్రియాట్ దళం తిరిగివస్తున్న బ్రిటన్ టొర్నాడో విమానాన్ని శత్రు క్షిపణి అనుకుని కూల్చేసింది. అందులోని ఇద్దరూ చనిపోయారు. పది రోజుల తర్వాత ఇరాక్ మీద అమెరికా నౌకాదళానికే చెందిన విమానాన్ని మరో పేట్రియాట్ కూల్చింది, పైలట్ చనిపోయాడు. మిత్రులను శత్రువులుగా చూపించే తెర కంటే ఏ తెరా లేకపోవడమే నయం అనిపించే సంఘటనలు అవి. ఏప్రిల్ రాత్రి అలాంటిది జరగకపోవడానికి వెనక చాలా ఏళ్ల కసరత్తు ఉంది. అమెరికా, ఇజ్రాయెల్ 2001 నుంచి జునిపర్ కోబ్రా పేరుతో కలిసి క్షిపణి రక్షణ సాధన చేస్తూ వచ్చాయి. 2021లో ఇజ్రాయెల్‌ను అమెరికా సైన్యపు ఐరోపా విభాగం నుంచి పశ్చిమాసియాను చూసే సెంట్రల్ కమాండ్‌లోకి మార్చారు. కాగితం మీద ఇది శాఖల బదిలీలా కనిపిస్తుంది. నిజానికి దాని వల్ల అరబ్ దేశాల అధికారులూ ఇజ్రాయెల్ అధికారులూ ఒకే అమెరికన్ బల్ల దగ్గర కూర్చునే వీలు కలిగింది.

అయితే ఏప్రిల్ విజయాన్ని ఉమ్మడి రక్షణకు కొలమానంగా తీసుకుంటే పొరపాటే. అక్టోబరు 1న ఇరాన్ మళ్లీ దాడి చేసింది. ఈసారి డ్రోన్లు లేవు, క్రూయిజ్ క్షిపణులు లేవు, 180 నుంచి 200 దాకా బాలిస్టిక్ క్షిపణులు మాత్రమే. డ్రోను ఇరాన్ నుంచి ఇజ్రాయెల్ చేరడానికి కొన్ని గంటలు పడుతుంది, దారిలో ఏ దేశపు యుద్ధవిమానమైనా దాన్ని కూల్చగలదు. అంతరిక్షం మీదుగా వచ్చేదాన్ని టైఫూన్ ఏమీ చేయలేదు. తమ విమానాలు ఆ రాత్రి గాలిలో ఉన్నాయి గానీ దాడి తీరును బట్టి కాల్పులు జరపవలసిన అవసరం రాలేదని బ్రిటన్ ప్రకటించింది. ఏప్రిల్‌లో ఐదారు దేశాల పనిగా కనిపించినది అక్టోబరులో దాదాపు రెండు దేశాల పనిగా కుదించుకుపోయింది. ఇజ్రాయెల్ క్షిపణి రక్షణ వ్యవస్థలైన యారో, డేవిడ్స్ స్లింగ్, అమెరికా నౌకలైన బల్కెలీ, కోల్ వదిలిన పన్నెండు దాకా క్షిపణులు, అంతే. నెవాతిమ్ స్థావరం మీద ఈసారి పదుల సంఖ్యలో పడ్డాయని ఉపగ్రహ చిత్రాలు చూసినవారు తేల్చారు. వెస్ట్ బ్యాంక్‌లోని జెరికో దగ్గర క్షిపణి శకలం మీద పడి ఒక పాలస్తీనా వ్యక్తి చనిపోయాడు. ఆ తర్వాత రెండు వారాల్లోపే అమెరికా ఒక థాడ్ దళాన్నీ దాన్ని నడిపే సుమారు వంద మంది సైనికులనూ ఇజ్రాయెల్‌లో దింపుతున్నట్టు ప్రకటించింది.

కూటమిలో ఎన్ని జెండాలు ఉన్నాయన్నది కాదు, వచ్చేదాన్ని కొట్టగల పనిముట్టు ఎందరి దగ్గర ఉందన్నది లెక్క. ఆ పనిముట్టు కూడా చాలావరకు ఉమ్మడి తయారీయే. యారో వ్యవస్థకు 1988 నుంచి అమెరికా డబ్బూ భాగస్వామ్యమూ ఉన్నాయి. అందుకే జర్మనీ యారో-3ని కొనాలనుకున్నప్పుడు ఇజ్రాయెల్ ఒక్కటే సరేనంటే సరిపోలేదు, 2023లో వాషింగ్టన్ కూడా తలూపాల్సి వచ్చింది. ఎస్‌ఎం-3లో పెద్దదైన బ్లాక్ టూ-ఏ రకాన్ని అమెరికా సంస్థ రేథియాన్, జపాన్ సంస్థ మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్ కలిసి తయారుచేశాయి.

కబురు పంచుకోవడంలో ఉన్న కష్టం కొరియా, జపాన్ల మధ్య మరీ బాగా కనిపిస్తుంది. 2017 ఆగస్టు 29న ఉత్తర కొరియా క్షిపణి హొక్కైడో మీదుగా ఎగిరి పసిఫిక్‌లో పడింది. తెల్లవారుజామున ఉత్తర జపాన్ ప్రజల ఫోన్లు మోగాయి. గట్టి భవనాల్లోకి వెళ్లండి అని సందేశం. క్షిపణి లేవడం దక్షిణ కొరియా రాడార్లకు ముందుగా కనిపిస్తుంది. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల కింది నుంచి లేచే దశ జపాన్ రాడార్లకు ఆలస్యంగా తెలుస్తుంది. పడే దశ జపాన్‌కే బాగా కనిపిస్తుంది. ఇద్దరి కళ్లూ కలిస్తేనే పూర్తి దారి తెలుస్తుంది. అయినా 1910 నుంచి 1945 దాకా కొరియా మీద సాగిన జపాన్ వలస పాలన జ్ఞాపకం మధ్యలో అడ్డుగా ఉంది. 2016లో కుదిరిన సైనిక సమాచార ఒప్పందాన్ని, వలసకాలపు వెట్టిచాకిరీ పరిహారాలపై వచ్చిన గొడవ వాణిజ్య తగాదాగా ముదరడంతో, 2019లో దక్షిణ కొరియా రద్దు చేసేదాకా వెళ్లి చివరి గంటల్లో ఆగింది. క్షిపణి హెచ్చరికను అమెరికాతో కలిపి మూడు దేశాలు అప్పటికప్పుడు పంచుకునే ఏర్పాటు 2023 డిసెంబరులో గానీ మొదలుకాలేదు. మధ్యలో అమెరికా లేకుండా ఆ రెండు దేశాలూ నేరుగా తీగ కలుపుకోవడానికి ఇప్పటికీ సంకోచమే.

భారత్ ఈ విషయంలో వేరే దారి పట్టింది. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాలలు ఇజ్రాయెల్‌తో కలిసి బరాక్-8 కుటుంబానికి చెందిన మధ్యస్థ శ్రేణి గగన రక్షణ క్షిపణిని రూపొందించాయి. దాన్ని కూర్చేది అదే నగరంలోని భారత్ డైనమిక్స్. బాలిస్టిక్ క్షిపణులను పసిగట్టే స్వార్డ్‌ఫిష్ రాడార్‌కు మూలం ఇజ్రాయెల్ గ్రీన్ పైన్ రాడారే. రష్యా నుంచి ఎస్-400 గగన రక్షణ వ్యవస్థ వచ్చింది. ఉమ్మడిగా తయారుచేయడానికి, కొనడానికి ఢిల్లీకి అభ్యంతరం లేదు. ఉమ్మడిగా కాపలా కాయడానికి మాత్రం ఏ కూటమి వలలోనూ చేరలేదు. చేరాలన్నా ఎస్-400ను అమెరికా వలకు తగిలించనివ్వరు. నాటో సభ్యదేశమైన టర్కీ అదే ఎస్-400 కొన్నందుకు 2019లో ఎఫ్-35 యుద్ధవిమానాల కార్యక్రమం నుంచే బయటికి పోవలసి వచ్చింది. స్వతంత్రంగా ఉండడానికి ఇది ధర. ఆ ధర చెల్లించదగినదేనా అన్నది ఎదురుగా ఉన్న పొరుగు దేశం దూరాన్ని బట్టి ఉంటుంది. పాకిస్థాన్ సరిహద్దు నుంచి ఢిల్లీకి క్షిపణి ప్రయాణం కొద్ది నిమిషాలే. అంత తక్కువ వ్యవధిలో మరో దేశపు రాడార్ చేయగల సాయం తక్కువ.

ఇక నిల్వల సంగతి. ఒక్కో బాలిస్టిక్ క్షిపణి మీదికి సాధారణంగా రెండు రక్షణ క్షిపణులు వదులుతారు, మొదటిది తప్పినా రెండోది తగలాలని. పేట్రియాట్ కొత్త రకం ఒక్కొక్కటి సుమారు 40 లక్షల డాలర్లు, థాడ్ కోటి డాలర్ల పైమాట. డబ్బు కంటే పెద్ద చిక్కు తయారీ వేగం. పేట్రియాట్ కొత్త రకం 2024లో తయారైనవి 500. అవి అమెరికాకూ, ఉక్రెయిన్‌కూ, జపాన్‌కూ, గల్ఫ్‌కూ, ఐరోపాకూ కావాలి. 2025 జూన్‌లో పన్నెండు రోజుల యుద్ధంలో ఇరాన్ ఇజ్రాయెల్ మీదికి వదిలిన బాలిస్టిక్ క్షిపణులే 500 దాటాయి. ఆ పన్నెండు రోజుల్లో వందకు పైగా థాడ్ క్షిపణులు ఖర్చయ్యాయని వార్తలు వచ్చాయి. తలకు కప్పితే కాళ్లకు చాలని దుప్పటి ఇది. ఉమ్మడి రక్షణ అన్నప్పుడు దుప్పటి అందరిదీ అని చెబుతారు గానీ ఏ రాత్రి ఎవరి వైపు లాగాలో నిర్ణయించేది వాషింగ్టన్ ఒక్కటే.

ఆ లాగుడు ఎలా ఉంటుందో 2025 జూన్ 23 సాయంత్రం ఖతార్‌లో కనిపించింది. తన అణు కేంద్రాల మీద అమెరికా చేసిన దాడికి బదులుగా ఇరాన్ అక్కడి అమెరికా సైనిక స్థావరం అల్ ఉదైద్ మీదికి 14 క్షిపణులు వదిలింది. ఖతార్ తన గగనతలాన్ని ముందే మూసేసింది. దోహాలో పనిచేసే తెలంగాణ, ఆంధ్ర కార్మికులు తాము ఉంటున్న గదుల కిటికీల నుంచి ఆ మెరుపులను చూశారు, ఇళ్లకు ఫోన్లు చేశారు. స్థావరంలో మనుషులను దాదాపుగా ఖాళీ చేయించి, పేట్రియాట్లు నడపడానికి సుమారు 44 మందిని మాత్రమే ఉంచారు. వారిలో పెద్దవాడైన కెప్టెన్ వయసు 28, అందరికంటే చిన్నవాడికి 21 అని అమెరికా త్రివిధ దళాధిపతుల మండలి అధ్యక్షుడు జనరల్ కెయిన్ తర్వాత చెప్పాడు. వారికి ఉన్నది రెండు నిమిషాలు. కొరియా, జపాన్ల నుంచి తెచ్చిన దళాల వారు అందులో ఉన్నారు. అంటే ఉత్తర కొరియా వైపు చూడవలసిన కాపలా కొంత ఆ వారాల్లో అరేబియా ఎడారిలో ఉంది. ఖతార్ సొంత పేట్రియాట్లు కూడా వారి పక్కనే కాల్పులు జరిపాయి.

14లో 13 కూల్చామని, ఒకటి ఎవరికీ ముప్పు లేని వైపు పోతుంటే వదిలేశామని ట్రంప్ ప్రకటించాడు. సుమారు రెండున్నర వారాల తర్వాత ఒక క్షిపణి స్థావరం లోపలే తగిలిందని అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ ఒప్పుకుంది. ఉపగ్రహ చిత్రాల్లో అక్కడ ఉండవలసిన తెల్లని గుండ్రటి గోపురం ఒకటి కనిపించలేదు, కాలిన మచ్చ మిగిలింది. ఆ గోపురం కింద ఉన్నది ఉపగ్రహాలతో మాట్లాడే సమాచార యంత్రం.